శైలజకు, వెండి సామాను గురించి

చిరంజీవి శైలజకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. మెట్లు ఎక్కవద్దంటే మాత్రం వినదు. దసరా దగ్గర పడింది కదా, వెండి సామాను దించి కడిగే రోజులు. అందుకే నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

సునంద అత్తయ్య మీ ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చూసుకుని ఇటు వచ్చింది. పులిహోర చాలా బాగా కుదిరిందట. అమ్మవారి ముందు స్టీలు పళ్లెం పెట్టావని కూడా అంది. అప్పుడు మీ అమ్మ వంటింట్లో ఉంది, వినలేదు. నాయనమ్మ కంచం నల్లబడి ఉంటుంది, పదిమందిలో బయట పెట్టడానికి మొహమాటపడి ఉంటావని నేనే సర్ది చెప్పాను.

వెండి నల్లబడితే పాడైపోయినట్టు కాదమ్మా. గాలిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి, అందులోని గంధకం వెండితో కలిసి పైన సల్ఫైడ్ పొర కడుతుంది. ఒక గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, రెండు చెంచాల వంటసోడా వేసి, మరిగిన నీళ్లు పోసి, వెండి వస్తువు రేకుకు తగిలేలా ముంచు. గంధకం వెండిని వదిలి అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే కంగారు పడకు. ఈ పద్ధతిలో వెండి ఎక్కడికీ పోదు. గట్టిగా తోమితేనే పొరతో పాటు కొంత అరిగిపోతుంది. టూత్‌పేస్టు, ముగ్గుపిండి దగ్గరికి రానివ్వకు. రాళ్లు పొదిగినవీ, కావాలని నలుపు చేయించిన ఆక్సిడైజ్డ్ నగలూ ఆ నీళ్లలో వేయకు. వెండి పూత వస్తువులను మరీ తోమితే లోపలి లోహం బయటపడుతుంది.

కరీంనగర్ వెండి తీగ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన ఏడాది, 2007లో, మీ అమ్మ పట్టుబట్టి కొన్న పన్నీరు బుడ్డి ఉంది కదా, దాన్ని అసలు తోమవద్దు. అల్లిన సన్నటి తీగలు వంగితే సరిచేయడం కష్టం. కుంకుడు నీళ్లలో నానబెట్టి, మెత్తటి కుంచెతో తుడిచి, తీగల సందుల్లో తడి లేకుండా ఆరబెట్టు. అది కూడా వ్రతంలో కనబడలేదంది అత్తయ్య. సరే, ఆవిడ చూపు ఈమధ్య ఆనడం లేదు.

నాయనమ్మ కంచం సంగతి నీకు పూర్తిగా చెప్పినట్టు లేదు. నేను హనుమకొండలో డిగ్రీలో చేరిన ఏడాది పంట చేతికి రాలేదు. ఫీజుకు, హాస్టలుకు వేరే దారి లేక తాతయ్య ఆ కంచాన్ని సేటు దుకాణంలో కుదువ పెట్టాడు. సేటు చీటీ మీద పేరు రాసి, కంచానికి అడ్డంగా రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టాడు. రెండు పంటల తరువాత విడిపించి తెస్తే, కంచం నడిమధ్య ఇటు నుంచి అటు నల్లటి చార! సేటు కంచం మార్చేశాడని నాయనమ్మ కొంగు బిగించి బజారుకు బయలుదేరింది. తాతయ్య కంచం తిరగేసి చూపించాడు. అడుగున చుక్కలు చుక్కలుగా కొట్టిన తన పేరు కనబడ్డాకే ఆవిడ చెప్పులు విడిచింది. చార పోవాలని ముగ్గుపిండితో రోజూ రుద్దింది. చార పోలేదు, గీతలు పడ్డాయి, పేరులో చివరి అక్షరం సగం అరిగింది. రబ్బరు గట్టిపడడానికి అందులో గంధకం కలుపుతారనీ, ఆ గంధకమే వెండిని పట్టిందనీ లెక్చరర్ అయ్యాక ఆవిడకు చెప్పాను. సోడా నీళ్లతో చార పోయింది. గీతలు ఇప్పటికీ వేలికి తగులుతాయి.

ఎందుకు చెబుతున్నానంటే, ఆ కంచం ఒకసారి కొట్టుకు వెళ్లి వచ్చిందే. దాని మీదే నా చదువు సాగింది. మన ఇంట్లో ఎవరూ దాన్ని తలవంపుగా అనుకోలేదు. అల్లుడుగారి కంపెనీలో మనుషులను తగ్గిస్తున్నారని రమణ అన్నాడు. నువ్వేమో ఫోను ఎత్తవు, ‘బాగున్నాం నాన్నా’ అని ఒక్క మెసేజి పెడతావు. కంచం కుదువలో ఉంటే చీటీ జాగ్రత్త, గడువు ఎప్పుడో చూసుకో. గడువు దాటితే వేలం వేస్తారు. వడ్డీ కట్టడానికి క్రెడిట్ కార్డు వాడకండి, అది ఇంకా పెద్ద వడ్డీ. నా డిపాజిట్ ఒకటి ఈ నెలలోనే చేతికి వస్తుంది, దాన్ని మళ్లీ వేయలేదు. అమ్మేసి ఉంటే అదీ చెప్పు. నేను ఒక్క మాట కూడా అనను.

బీరువాలోనే ఉంటే మాత్రం వార్తాపత్రికలో, ఉన్ని బట్టలో చుట్టవద్దు. రబ్బరు బ్యాండు సంగతి చెప్పాను కదా. మల్ బట్టలో చుట్టి, తేమ పట్టకుండా పక్కన రెండు సుద్దముక్కలు వేయి. రోజూ వాడి, కడిగి, తుడిచి పెట్టుకుంటే అంత త్వరగా నల్లబడదు. పిల్లవాడికి అన్నం అందులోనే పెట్టు. పులుపు, ఉప్పు మాత్రం అందులో నిలవ ఉంచకు.

రమణ కొడుకు ఆదివారం మీ ఊరు వస్తున్నాడు. అతనితో మల్ బట్ట, కుంకుడుకాయ పొడి, మీ అమ్మ దంచిన నువ్వుల పొడి పంపుతున్నాను. రెండు పొడులూ ఒకే రంగు డబ్బాల్లో ఉన్నాయి, మూత మీద పేర్లు చూసి తీయి. ఉదయం ఆరు గంటలకు ఫోను చేయి. ఆ వేళ మీ అమ్మ పూజలో ఉంటుంది, మనిద్దరమే మాట్లాడుకోవచ్చు.

మీ నాన్న