నీ మోచేతి ఎత్తుకే బల్ల చేయించుకో

దేవరకొండ

బిడ్డా,

ఆదివారం నా లేత్, చెక్కను గిరగిరా తిప్పి ఉలితో చెక్కే యంత్రం, మహబూబ్‌నగర్‌లో మీ ఇంటికి చేరుతుంది. దాని బల్ల మాత్రం పంపడం లేదు. గట్టి బల్లే, కానీ నా ఎత్తుకు చేయించుకున్నది. నా మోచేయి నేల నుంచి 43 అంగుళాలుంటే నీది 38 దగ్గర ఉంటుంది. నా బల్ల మీద పని చేస్తే రోజంతా భుజాలు ఎగబట్టి ఉలి పట్టుకోవాలి. నేను పని నేర్చుకున్న చోట లేత్‌ను నాకన్నా పొట్టి మనిషి కోసం బిగించారు. ఆరేళ్లు దాని మీద వంగి మంచంకోళ్లు తిప్పాను. నా నడుము సంగతి నీకు తెలుసు.

పనిలో వేసుకునే బూట్లతో నిటారుగా నిలబడి మోచేయి మడువు. నేల నుంచి మోచేతి దాకా అల్లుడిగారిని కొలవమను. లేత్ ఇరుసు నడిమి ఆ ఎత్తుకు రావాలి. మన లేత్‌కు అడుగు నుంచి ఇరుసు దాకా 9 అంగుళాలు, కాబట్టి నీ బల్ల 29 అంగుళాలు ఉంటే చాలు. అనుమానముంటే ఒక అంగుళం ఎక్కువే పెట్టించు. ఎత్తయితే నీ కాళ్ల కింద పీట వేసుకోవచ్చు, తక్కువైతే వంగక తప్పదు.

మీ వెనక గదిలో తాండూరు బండలు పరిచారు కదా, లేత్ పెట్టే చోట ఒక్కొక్క బండనూ తట్టి చూడు. బోలుగా మోగే బండ మీద బల్ల కాలు పెట్టవద్దు. బల్ల నాలుగు కాళ్లూ ఆనాయో లేదో కాగితం ముక్కతో చూడు. ఏ కాలి కిందికైనా కాగితం దూరితే అక్కడ ఇనుప రేకు పెట్టి, రసమట్టం చూసిన తరువాతే బోల్టులు బిగించు. ఎగుడుదిగుడు నేల మీద బలవంతంగా బిగిస్తే లేత్ మెలితిరుగుతుంది. అప్పుడు చెక్కను రెండు వైపులా పట్టుకునే మొనలు ఎదురెదురుగా కలవవు. బల్ల కాళ్ల మధ్య కిందుగా పలక వేసి రెండు ఇసుక సంచులు పెట్టు. బరువు కిందుంటే అదురు తగ్గుతుంది.

వంకర దిమ్మను మొదట గుండ్రంగా అయ్యేదాకా నెమ్మదిగానే తిప్పు. దిమ్మ అడ్డుకొలత అంగుళాల్లో ఎంతో చూసి, దానితో 6000ను భాగించు. 10 అంగుళాల దిమ్మకు నిమిషానికి 600 చుట్లు వస్తాయి. వంకర ఎక్కువుంటే అందులో సగంతో మొదలుపెట్టు. స్విచ్ వేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, ఉలిని ఆనించే టూల్ రెస్టుకు తగలడం లేదని చూసుకో. వేసేటప్పుడు దిమ్మకు ఎదురుగా నిలబడవద్దు. ఒకసారి తుమ్మ దిమ్మ ఊడి నా వెనక గోడకు తగిలింది. నేను పక్కకు ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముఖానికి అడ్డం లేకుండా స్విచ్ ముట్టనని నాకు మాట ఇవ్వు.

స్విచ్ ఎడమ చేతికి అందేలా, తిరిగే చెక్క మీదుగా చెయ్యి చాచనక్కర లేకుండా పెట్టించు. కరెంటు పోతే వెంటనే ఆపెయ్యి. లేకపోతే నువ్వు దగ్గర లేనప్పుడు కరెంటు వచ్చి దానంతట అదే తిరుగుతుంది. చున్నీ తీసి కొక్కేనికి తగిలించు, జడ ముడి వేసుకో.

బల్ల బిగించాక మొనలు రెండూ దగ్గరకు తెచ్చి ఫొటో తీసి పంపు. అవి కలిశాయని నేను చెప్పిన తరువాతే దిమ్మ ఎక్కించు.

మీ నాన్న