పదేళ్లు ఆగమనడం ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

కర్ణాటక సంగీతంలో సొంతంగా వరస కట్టడం చిన్నపిల్లల పని కాదనీ, ముందు పదేళ్లు పాఠం వల్లించాలనీ ఒక పాఠకుడు ఇటీవల మీ పేజీలో రాశారు. వల్లించడంతో నాకు పేచీ లేదు. మాయామాళవగౌళ రాగంలో సరళీ, జంట వరసలనే తొలి అభ్యాసాలు గట్టిపడనిదే నేనూ ఎవరికీ గీతం మొదలుపెట్టను. పేచీ అంతా ఆ పదేళ్లతోనే.

నా దగ్గర నేర్చుకునే ఆరో తరగతి అమ్మాయికి ఇంట్లో కీబోర్డు ఉంది. నల్లమెట్లే వాడి ఎనిమిది అక్షరాల ఆదితాళంలో ఒక్క ఆవర్తనం, అంటే ఒక్క చుట్టు, కట్టుకు రమ్మన్నాను. మూడు నల్లమెట్లున్న చోట మొదటిది షడ్జమం (స) అనుకుంటే ఆ ఐదు స్వరాలూ మోహన రాగమే, అన్యస్వరం, అంటే రాగంలో లేని స్వరం, పడే భయం లేదు. ‘గ ప ద ప గ రి స రి’ అని వాయించింది. రిషభం (రి) మీద ఆపావేమంటే, ‘ఇంకా ఏదో ఉన్నట్టుంటుంది కదా మామ్మగారూ’ అంది. ఆధార షడ్జమం మోగించే శ్రుతిపెట్టెను నాలుగున్నర శ్రుతి నుంచి ఐదున్నరకు, అంటే ఆ రిషభం మెట్టుకు, మార్చి, అవే మెట్లు మళ్లీ వాయించమన్నాను. ఆ రిషభమే షడ్జమమైంది. వరస ‘రి మ ప మ రి స ని స’గా, మధ్యమావతి రాగంగా వినిపించింది. ఆరున్నరకు, అంటే మొదటి ‘గ’ మెట్టుకు, మారిస్తే ‘స గ మ గ స ని ద ని’, హిందోళం! ఇలా షడ్జమం మారితే రాగం మారడమనే గ్రహభేదం మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా ఆ పిల్ల కళ్లు అంత పెద్దవయ్యేవి కావు.

కీబోర్డు మీద గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదు, వట్టి స్వరాలు రాగం కావు అంటారు. నిజమే. అయితే తన హిందోళం కచేరీలో విన్నట్టు లేదేమని ఆ అమ్మాయే అడిగింది. గమకం పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను.

శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ పదిహేనేళ్లకే 72 మేళకర్తల్లోనూ, అంటే మూల రాగాలన్నిటిలోనూ, కృతులు కట్టారని చెబుతారు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలు ఇచ్చిందీ ఆయనే. అందరూ బాలమురళీలు కారని నాకూ తెలుసు, ఆ మాట చెప్పడానికి ఉత్తరం రాయనక్కర్లేదు.

నేను పిల్లలను పంపే పరీక్షలో ప్రారంభ స్థాయిలో నేర్చుకున్నది అప్పగించడమే తప్ప మరొకటి లేదు. పరీక్షకులు ఒక రాగం చెప్పి, ఐదు నిమిషాల్లో ఒక్క ఆవర్తనం కట్టమని అడిగితే చాలు. తాళం తప్పకపోతే, అన్యస్వరం పడకపోతే పూర్తి మార్కులు వేయాలి. బాగుందా లేదా అన్నది వారి మనసులోనే ఉంచుకోవచ్చు.

ఇట్లు,
విశ్రాంత సంగీతోపాధ్యాయిని,
తెనాలి