వేలు తెగాకే మెషిన్ గార్డు గుర్తొస్తుందా?

సంపాదకుడికి,

అయ్యా,

పాశమైలారంలోని ఫ్యాక్టరీలో 2025 జూన్ 30న జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయాక, ఫ్యాక్టరీల్లో భద్రత గురించి పత్రికల్లోనూ టీవీల్లోనూ కొన్నాళ్లు గట్టిగానే చర్చ నడిచింది. నడవాల్సిందే. కానీ హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, కాటేదాన్‌లలో చిన్న చిన్న ఫ్యాక్టరీ షెడ్లలో ఒక్కొక్క వేలే తెగిపోతుంటుంది. అది ఏ పేజీలోనూ రాదు. ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైనవాడిని కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

రేకును నొక్కి పీసులు చేసే పవర్ ప్రెస్ దగ్గర రేకు ముక్కను చేత్తో డై, అంటే అచ్చు, మీద పెట్టి, చెయ్యి తీసి, పెడల్ తొక్కాలి. షిఫ్టంతా ఇదే పని. చెయ్యి తీసేలోపు కాలు పడిందా, అంతే. ఇది తప్పించడానికే కొన్ని ప్రెస్‌లకి రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండూ నొక్కితేనే ప్రెస్ దిగుతుంది. అలాంటివాటికి కూడా ఒక బటన్ మీద టేపు చుట్టేసి, ఎప్పుడూ నొక్కినట్టే ఉంచేస్తారు. చెయ్యి లోపలికి పోకుండా ప్రెస్‌కి బిగించే అడ్డు, అదే గార్డు, విప్పేసి గోడకి ఆనించి ఉంటుంది. గార్డుంటే పీసులు తక్కువొస్తాయి మరి. పీసు లెక్కన కూలి ఇస్తూ 'గార్డు తీయరాదు' అని గోడ మీద రాయిస్తే ఎవరు ఆగుతారు? ఆ రాత తెలుగులో ఉంటుంది, ప్రెస్ మీద కూర్చున్న కుర్రాడిది బిహారో ఒడిశానో.

వేలు తెగాక 'వాడి అజాగ్రత్త' అంటారు. కదిలే భాగాలకు అడ్డు పెట్టే బాధ్యత యజమానిదేనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. పోనీ అదేమైనా లక్షల మీద ఖర్చా? రేకు పెట్టడానికి ఒక పట్టకారు, పెడల్ మీద పొరపాటున కాలు పడకుండా పైన ఒక మూత, తెరిస్తే మెషిన్ ఆగిపోయేలా గార్డుకి ఒక స్విచ్. రిపేర్ చేసేటప్పుడు మెయిన్ స్విచ్‌కి తాళం కప్ప వేసి, తాళంచెవి మెషిన్‌లో చెయ్యి పెట్టినవాడి జేబులోనే ఉంచాలి. లోపల మనిషి ఉన్నాడని తెలియక స్విచ్ వేసేవాళ్లు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. ఇవన్నీ వదిలేసి, మార్చి 4న సేఫ్టీ డే అని అందరికీ గ్లౌజులు పంచి ఫొటో దిగుతారు. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర ఆ గ్లౌజే చుట్టుకుని చేతిని లోపలికి లాగేస్తుందని చెప్పేవాడుండడు.

పరిహారం చట్టంలో వేళ్లకి ఒక పట్టిక ఉంది. బొటనవేలు మొత్తం పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడువేలైతే 14 శాతం, చిటికెన వేలైతే 7. పక్కనే సనత్‌నగర్‌లో కార్మికుల బీమా కింద నడిచే అంత పెద్ద ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉన్నా, యజమాని ఈఎస్‌ఐ కార్డు చేయించని కుర్రాడిని ఏదో నర్సింగ్ హోమ్‌లో కట్టు కట్టించి, చేతిలో కొంత డబ్బు పెట్టి రైలెక్కించేస్తారు. వాడు ఏ లెక్కలోకీ రాడు.

ఇంకో సంగతి. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక చట్టం (కోడ్)లో అది 20 అయింది. పన్నెండు, పదిహేను మందితో నడిచే షెడ్లు ఇప్పుడు ఫ్యాక్టరీలు కావు. ప్రెస్‌కి ఈ లెక్కలేం తెలుసు? కార్మిక శాఖ వీటిని కూడా తనిఖీ చేయాలి.

అయితే తనిఖీల కన్నా తొందరగా పనయ్యే దారి ఒకటుంది. ఈ షెడ్లకి జాబ్ వర్క్, అంటే పీసులు చేసిపెట్టే పని, ఇచ్చేవి పెద్ద కంపెనీలే. పీసు కొలతలో పాయింట్ వన్ ఎంఎం తేడా వస్తే లాటు మొత్తం తిప్పి పంపేస్తాయి. గార్డు లేని ప్రెస్ మీద చేసిన మాల్‌ని కూడా తీసుకోబోమని ఆర్డర్ కాగితం మీద ఒక్క షరతు రాయమనండి. గోడకి ఆనించిన గార్డులన్నీ వారంలో బిగుస్తాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
బాలానగర్, హైదరాబాద్