పాత కంప్యూటర్ పారేయమనకండి, నెట్ వైరు పీకమనండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

ఈమధ్య మీ పేపర్లో విండోస్ 10కి కూడా కాలం చెల్లింది, 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్లు ఆగిపోయాయి, అందరూ విండోస్ 11కి మారండి, మీ సిస్టమ్ దానికి పనికిరాకపోతే కొత్తది కొనుక్కోండి అని రాశారు. తప్పు రాశారని కాదు. (పేరు నమోదు చేసుకున్న ఇళ్ళ వాళ్ళకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, అది కూడా వేసుంటే బాగుండేది.) కానీ కొత్తది కొనుక్కోండి అని ఒక్క ముక్కలో తేల్చేశారు చూశారా, అక్కడ నాకు ఉండబట్టలేదు. ఇళ్ళల్లో పాత కంప్యూటర్లు ఇంకా నడుస్తున్నాయంటే అందరిదీ పిసినారితనం కాదండి.

మాది తెనాలి దగ్గర. నేను తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యా. మా ఆయనా నేనూ కలిసి చాలా ఏళ్ళు ఇంట్లోనే డీటీపీ చేశాం, శుభలేఖలు, స్కూల్ సావనీర్లు, 2016లో కృష్ణా పుష్కరాలకి కరపత్రాలు, అన్నీ పేజ్‌మేకర్ అని పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతోనే. ఈ పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, అను అంటే ఫోన్‌లో మనం కొట్టే తెలుగు లాంటిది కాదు, లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులు, పైన తెలుగు బొమ్మ తొడుగుతుంది అంతే, ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనపడతాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు. మా దగ్గరున్న అను కొత్త విండోస్ మీద సరిగ్గా ఎక్కలేదు. (ఇవన్నీ మా ఇంటికి ఎలా వచ్చాయి, బిల్లు ఉందా అని మాత్రం అడక్కండి, ఊళ్ళో సగం డీటీపీ సెంటర్లకి ఎలా వచ్చాయో మాకూ అలానే వచ్చాయి.) అందుకే 2011లో కొన్న విండోస్ 7 డబ్బా అలాగే ఉంది, ఎందుకంటే పాతికేళ్ళ పని అందులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు.

అందులో ఇంకోటి కూడా ఉంది. మా అత్తగారు పాడే పాటలు. దంపుళ్ళ పాటలు, అప్పగింతలు, లాలి పాటలు, మంగళహారతులు, మొత్తం 112. 2013లో మా మరిది కొడుకు చిన్న రికార్డర్ తెస్తే వాటన్నిటినీ ఎంపీత్రీలుగా ఎక్కించి, విని రాసుకుని, పేజ్‌మేకర్‌లో పుస్తకంగా పేజీలు కట్టుకుంటూ వచ్చా. ఆవిడ 2015లో పోయారు. పుస్తకం మాత్రం నా బద్ధకం వల్ల నానుతూనే ఉంది.

2020 జనవరి 14తో విండోస్ 7కి అప్‌డేట్లు ఆగిపోయాయి. మర్నాటి నుంచే స్క్రీన్ అంతా నీలంగా ఒక నోటీసు వచ్చేది, మీ కంప్యూటర్‌కి ఇక సపోర్ట్ లేదు అని. కింద మళ్ళీ గుర్తు చేయొద్దు అని బటన్ ఉంటే అది నొక్కా. మీరైనా అదే నొక్కేవారు.

తర్వాత లాక్‌డౌన్. బయటికి వెళ్ళే పని లేదు కదా పుస్తకం ముగిద్దాం అని కూర్చున్నా. ప్రెస్ ఆయన ఫోన్ చేసి మేడమ్ పేజ్‌మేకర్ ఫైలు వద్దు, పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెట్టండి అన్నాడు. విండోస్ 10లో అయితే ప్రింట్ కొట్టేచోటే పీడీఎఫ్ అని ఉంటుందట, 7లో అది లేదు. నెట్‌లో వెతికితే ఒక వీడియోలో పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్ ఫుల్ వెర్షన్ ఫ్రీ అని కింద లింక్ ఇచ్చారు. జిప్ ఫైలు, దానికి పాస్‌వర్డ్ 1234, ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి అని పెద్దక్షరాలతో రాసుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పినదాన్ని, దొంగ వచ్చేముందు కుక్కని కట్టేయమని వాడే చెప్తున్నాడని నాకు తట్టలేదు. ఆఫ్ చేశా, డబుల్ క్లిక్ కొట్టా.

ఇప్పుడు అసలు సంగతి వినండి. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతోంది, కంప్యూటర్ ఆపొద్దు అన్నట్టు ఒక విండో వచ్చింది, శాతం పెరుగుతూ ఉంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. జనవరిలో ఆపేశారన్నారు, పాపం మళ్ళీ ఇస్తున్నారు అనుకుని వంటింట్లోకి వెళ్ళి పప్పు తాలింపు పెట్టుకుని వచ్చా. నాలుగు నెలల కిందట అప్‌డేట్లు చచ్చిపోయిన సిస్టమ్‌కి అప్‌డేట్ ఎక్కడిదండి? ఆ తెర వెనకాల ఒక్కో ఫైలుకీ తాళం పడుతోంది. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు గుంజే వైరస్‌ని రాన్సమ్‌వేర్ అంటారు, అందులో ఈ రకాన్ని స్టాప్ అనీ డీజేవీయూ అనీ అంటారట, డబ్బు కట్టకుండా వాడుకునే క్రాక్ సాఫ్ట్‌వేర్ల కోసం వెతికే మాలాంటివాళ్ళే దానికి తిండి.

వచ్చి చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా ఏదో నాలుగక్షరాలు తగిలించి ఉన్నాయి, ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అని ఒక ఉత్తరం. భయపడొద్దు, మీ ఫైళ్ళన్నీ మళ్ళీ వస్తాయి, 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోపు కడితే సగానికి సగం 490 అని. అప్పటి రేటుకి సగం అన్నా 37 వేల దాకా. ఇంకోటి, మీకు నమ్మకం కుదరడానికి ఒక ఫైలు ఉచితంగా తెరిచి ఇస్తాం గానీ అందులో విలువైనదేమీ ఉండకూడదు అని షరతు. చీరల కొట్లో కూడా ఇలాంటి ఆఫర్ చూళ్ళేదు నేను.

హైదరాబాద్‌లో ఉన్న మా మరిది కొడుక్కి ఫోన్ చేస్తే వాడన్న మొదటి మాట, పెద్దమ్మా ముందు నెట్ వైరు పీకెయ్, కరెంటు ఆపెయ్, తర్వాత చెప్పు అని. అప్పటికే నేను ఇంకో తెలివైన పని చేసేశా. మిగిలినవైనా దాచుకుందామని పెన్‌డ్రైవ్ పెట్టా, అందులోనే పుస్తకం పాత కాపీ ఒకటి ఉంది. ఆ వైరస్ ఒకసారి చేసి ఊరుకోదట, అయిదేసి నిమిషాలకి మళ్ళీ లేచి కొత్తగా ఏమొచ్చిందా అని చూసుకునేలా పని పెట్టుకుంటుందట. పెన్‌డ్రైవ్ కూడా పోయింది. యాంటీవైరస్ కంపెనీల సైట్లు తెరుద్దామంటే అవి తెరుచుకోకుండా ముందే కట్టేసింది. విండోస్ లోపల పాత కాపీలు దాచుకునే ఏర్పాటు ఒకటి ఉంటుందట, దాన్నీ తుడిచేసింది. ఇదే జాతి వైరస్ పోతూ పోతూ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు కూడా పట్టుకెళ్ళే దొంగని వెంట తెస్తుందని చెప్పి ఆ రాత్రే ఫోన్‌లోంచి జీమెయిల్‌వీ బ్యాంకువీ అన్నీ మార్పించాడు. ఈ ముక్క చాలామందికి తెలియదు, ఫైళ్ళ కోసం ఏడుస్తూ కూర్చుంటారు, అవతల ఖాతాలు ఖాళీ అవుతుంటాయి.

లాక్‌డౌన్ సడలించాక దగ్గర్లో ఒక రిపేర్ షాపుకి పట్టుకెళ్ళా. కుర్రాడు చూడను కూడా చూళ్ళేదు, ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్, 500 ఇవ్వండి, సాయంత్రానికి కొత్తదానిలా అయిపోద్ది అన్నాడు. మన దగ్గర ఏ జబ్బు చేసినా ఇదే మందు, డిస్క్ మొత్తం తుడిచేయడం. అతన్నేమీ అనను, వైరస్ పోవడమే కావాలంటే ఫార్మాటే సరైన పని. కానీ తాళం పడ్డ ఫైళ్ళు చెత్త కాదు. ఈ రకంలో 2019 ఆగస్టుకి ముందొచ్చిన వాటికి చాలావరకు తాళం తీసే టూల్ అదే ఏడాది అక్టోబర్‌లో ఎంసీసాఫ్ట్ అనే కంపెనీ ఫ్రీగా పెట్టింది. యూరప్ పోలీసులూ యాంటీవైరస్ కంపెనీలూ కలిసి 2016 నుంచి నో మోర్ రాన్సమ్ అని సైట్ నడుపుతున్నారు, అక్కడా ఇలాంటి తాళంచెవులు పెడుతుంటారు. ఇవాళ లేనిది రేపు రావచ్చు. ఫార్మాట్ కొడితే రేపు తాళంచెవి దొరికినా తలుపుండదు. మావాడు ఫోన్‌లో గట్టిగా చెప్పబట్టి ఆ హార్డ్‌డిస్క్ తీయించి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టా, వేరే హార్డ్‌డిస్క్ వేయించుకున్నా.

మాది తెరుచుకునే రకం అవునా కాదా అన్నది ఎలా తెలుస్తుందంటే, ఆ రీడ్‌మీ ఉత్తరం చివర మన నంబరు అని ఒక పొడుగాటిది ఉంటుంది. అది టీ1 అని ముగిస్తే ఆశ ఉన్నట్టు. వైరస్ లేవగానే తన యజమాని సర్వర్‌కి వెళ్ళి మన ఒక్కరి కోసమే ఒక తాళంచెవి తెచ్చుకుంటుంది. నెట్ లేక వెళ్ళలేకపోతే తన దగ్గరుండే ఉమ్మడి తాళమే అందరికీ వేస్తుంది, ఆ ఉమ్మడి దాని చెవి ఎవరో ఒకరి వల్ల బయటికొస్తే మిగిలినవాళ్ళవీ తెరుచుకుంటాయి. మాది టీ1 కాదు. జిప్ దించుకున్నాక నెట్ తీసేసి నొక్కి ఉంటే ఆ ఆశైనా మిగిలేదేమో.

ఆలోచిస్తే నాకు తేలిందేంటంటే, నా కంప్యూటర్ పాతది కాబట్టి వైరస్ దానంతటది రాలేదు. అలా వచ్చేవీ ఉన్నాయి, 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఎవరూ ఏదీ నొక్కకుండానే పాకింది, దానికి మందు మార్చిలోనే వచ్చినా వేసుకోని సిస్టమ్‌లు చాలా దొరికిపోయాయి, మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని లాకయ్యాయని పేపర్లలోనే చదివాం. నాది అది కాదు, విండోస్ 10లో నొక్కినా ఇది ఇలాగే చేసేది. కాకపోతే విండోస్ 10 ఉంటే నేను ఆ లింక్ దాకా వెళ్ళేదాన్నే కాదు. పాత సిస్టమ్‌లో ఒక్కొక్కటీ ఆగిపోతుంటాయి, ఇది పనిచేయదు, అది ఎక్కదు, అప్పుడు మనమే ఏదో ఒకటి దొరక్కపోతుందా అని చీకటి సందుల్లోకి వెళ్తాం. ఆ సందులోకి దారి నెట్టే కదా. అందుకని మీరు రాసేటప్పుడు పాతది పారేయండి అనకండి, పారేయలేని కారణం ఉన్నవాళ్ళు నెట్ వైరు పీకేసి, వైఫై తీసేసి, దాని పాత పనికే దాన్ని ఉంచుకోండి అని రాయండి. నెట్ పనులకి ఫోన్ ఉంది. పేజ్‌మేకర్ లాంటి అవసరమేమీ లేనివాళ్ళయితే విండోస్‌కి బదులు వేసుకునే లినక్స్ మింట్ అని ఫ్రీగా ఉంటుంది, పాత సిస్టమ్ మీద కూడా హాయిగా నడుస్తుంది, పక్కింటి వాళ్ళకి మావాడే వేసిచ్చాడు. ఇక పెన్‌డ్రైవ్‌ల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి, నెట్ లేని సిస్టమ్‌కి వైరస్ వచ్చే ముఖ్యమైన దారి అదే, కేంద్రప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని 2017లో పెట్టిన సైట్లో వైరస్ తీసే టూల్స్ ఊరికే ఇస్తున్నారు, వాటితో చూసుకుని పెట్టుకోవచ్చు. డబ్బులు పోతే 1930కి ఫోన్ చేయాలని మీరు రోజూ వేస్తూనే ఉన్నారు, మంచిదే, మాలాగా డబ్బులు కాకుండా ఫైళ్ళు పోయినవాళ్ళు ఏం చేయాలో కూడా ఒకసారి వేయండి.

పాటల సంగతి చెప్పలేదు కదూ. తాళం వేసేవాడికి తొందర ఎక్కువ, అందుకని ప్రతి ఫైలులోనూ మొదటి 150 కేబీ మాత్రమే పాడుచేసి తర్వాతదానికి వెళ్ళిపోతాడట. మా పేజ్‌మేకర్ ఫైళ్ళకి ఆ మాత్రం చాలు, ఇక తెరుచుకోవు. కానీ ఎంపీత్రీలో 150 కేబీ అంటే పది సెకన్ల లోపే. హార్డ్‌డిస్క్‌ని వేరే సిస్టమ్‌కి పెట్టి, కాపీలు తీసి, ఆ కాపీల పేరు చివరి నాలుగక్షరాలు చెరిపేస్తే సగం పాటలు మోగాయి, మిగిలిన వాటికి మావాడు ఏదో రిపేర్ టూల్ వాడాడు. తొమ్మిది తప్ప అన్నీ వచ్చాయి. పల్లవి మొదట్లో తెగినా చరణం అయ్యాక మళ్ళీ వస్తుంది కాబట్టి పాట పోలేదు. పోయిందేంటంటే, మా అత్తగారికి ఒక అలవాటు, ఎత్తుకునేముందు ఇది ఫలానా వాళ్ళ దగ్గర నేర్చుకున్నా, ఫలానా పెళ్ళిలో విన్నా అని ఒక మాట చెప్పి గొంతు సవరించుకునేవారు. ఆ పది సెకన్లు అదీ. ఇప్పుడు వింటుంటే ఒక్కో పాటా ఎవరో తలుపు తీసి లోపలికి తోసేసినట్టు మాట మధ్యలో మొదలవుతుంది.

హార్డ్‌డిస్క్ ఇంకా బీరువాలోనే ఉంది, మావాడు సంక్రాంతికి వచ్చినప్పుడల్లా కొత్త టూల్ ఏదన్నా వచ్చిందేమో అని పెట్టి చూసి మళ్ళీ చుట్టి పెడతాడు. పాత డబ్బాకి నెట్ లేదు, శుభలేఖల కోసం ఎవరైనా వస్తే తెరుస్తా. పుస్తకం మళ్ళీ మొదట్నుంచి కొడుతున్నా, ఈసారి ఫోన్‌లోనే, ఎక్కడ తెరిచినా తెలుగులోనే కనపడే యూనికోడ్‌లో, ఏ రోజుది ఆ రోజు మావాడికి మెయిల్ పెట్టేస్తున్నా. 67వ పాటలో ఉన్నా.

ఇట్లు
మీ పాఠకురాలు, రిటైర్డ్ తెలుగు టీచర్,
తెనాలి దగ్గర్నుంచి