ములాఖత్‌లో విన్న మాట జైలు లోపలికి చేరే దారేది?

సంపాదకులు గారికి నమస్కారం.

"రిమాండ్ ఖైదీ ఆత్మహత్య" అని పేపర్లో అప్పుడప్పుడూ నాలుగు లైన్ల వార్త వస్తుంది. కింద అధికారుల మాట, విచారణ జరుపుతున్నామని. మర్నాడు ఇంటివాళ్ల మాట, పోయిన ములాఖత్‌లోనే మనిషి అదోలా మాట్లాడాడు, మాకు అప్పుడే భయమేసింది అని. ఆ రెండో మాట చదివి ముందుకు వెళ్లలేకపోతాను. భయమేసిన వాళ్లు ఆ సంగతి ఎవరికి చెప్పాలి? దానికి ఒక పద్ధతంటూ నాకు ఎక్కడా కనిపించలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

నేను నాంపల్లి క్రిమినల్ కోర్టుల దగ్గర జాబ్ టైపింగ్ చేసుకుని బతికే మనిషిని. బెయిల్ పిటిషన్లు, మెమోలు, షూరిటీల అఫిడవిట్లు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. పోయిన ఏడాది మా తమ్ముడి పేరుతోనే పిటిషన్ టైపు చేయాల్సి వచ్చింది. పనిచేసే చోట డబ్బు లెక్కలో తేడా వచ్చిందని కేసు. అది ఇంకా నడుస్తోంది కాబట్టి మంచిచెడ్డలు ఇక్కడ రాయను. అంతకుముందు వాడు పోలీస్ స్టేషన్ మెట్లెక్కి ఎరగడు.

బెయిల్ డిస్మిస్ అయ్యాక ములాఖత్‌కి వెళ్తే వాడు కేసు ఊసే ఎత్తలేదు. ఎప్పుడూ ముందు కూతురి గురించి అడిగేవాడు, ఆ రోజు అదీ అడగలేదు. "అక్కా, లాయర్లకి ఇంక డబ్బులు పెట్టకు. అమ్మని నువ్వు చూసుకుంటావుగా" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. మా నాన్న పోయినప్పుడు ఇంటిల్లిపాదికీ ధైర్యం చెప్పింది వాడే. "ఏరా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదని మానసిక వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. వాడు తల దించుకున్నాడు. ఇంతలో టైమ్ అయిపోయిందన్నారు.

బయటికొచ్చి గేటు దగ్గర సెంట్రీకి చెప్పాను. లోపల డాక్టరున్నాడు, చూసుకుంటాడన్నాడు. కౌంటర్లో చెబితే అర్జీ రాసి పెద్ద సారుకి ఇమ్మన్నారు, సారేమో ఆ రోజు లేరు. లాయర్‌కి ఫోన్ చేస్తే సోమవారం కోర్టులో మెమో వేద్దామన్నాడు. అది శుక్రవారం. చివరికి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్న ఒక పెద్ద వయసు హెడ్ వార్డర్ నిలబడి నా మాట విన్నాడు. తమ్ముడి పేరు, బ్యారక్ నంబరు చీటీ మీద రాసుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. ఆ రాత్రే వాణ్ని ఒంటరిగా ఉండనివ్వకుండా నలుగురి మధ్యకి మార్పించి, పక్కవాళ్లకి ఒక మాట చెప్పి, తర్వాత కౌన్సెలర్‌కి చూపించాడట. ఇదంతా వాడు బెయిల్ మీద బయటికొచ్చాక చెబితే తెలిసింది. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. మందులు వాడుతున్నాడు, పని వెతుక్కుంటున్నాడు. అది ఏ జైలో రాయను. ఆ హెడ్ వార్డర్‌కి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఒక ప్రాణం నిలబడటం అనేది ఆ సమయానికి గేటు దగ్గర ఎవరు ఎదురవుతారనే దాని మీద ఆధారపడకూడదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలోని జైళ్లలో 159 అసహజ మరణాలు జరిగితే అందులో 119 ఆత్మహత్యలే. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ 2017 నుంచి 2021 వరకు చూసి, 817 అసహజ మరణాల్లో 660 ఆత్మహత్యలని చెప్పింది. జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలు, అంటే ఇంకా ఏ కోర్టూ దోషి అనని వాళ్లు. "జైలుకెళ్లినోడి మీద జాలేంటి" అనేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి. శిక్ష పడిన వాళ్ల ప్రాణానికి కూడా ప్రభుత్వమే పూచీ.

బ్యారక్‌ల కట్టడంలోనే మార్పులు చేయాలని ఆ కమిటీ సూచించింది. అవసరమే. కానీ గోడలు మార్చినంత మాత్రాన మనిషి లోపలి దిగులు పోదు. పైగా భయం వేసినప్పుడు మనిషిని తీసుకెళ్లి ఒంటరి గదిలో పెట్టడం ఎక్కడైనా జరిగితే అది మేలు కన్నా కీడే చేస్తుంది. కావలసింది పక్కన మనుషులు. జాతీయ మానవ హక్కుల సంఘం 2023 జూన్‌లో అన్ని రాష్ట్రాలకూ పంపిన సూచనల్లో ఇది ఉంది. జైల్లో అడుగుపెట్టగానే మానసిక స్థితి పరీక్షించాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, ఖైదీల్లోనే కొందరిని ఎంచి తోటివాళ్ల బాధ గుర్తుపట్టి తోడుండేలా తయారుచేయాలని చెప్పారు. ఇంగ్లాండ్, వేల్స్ జైళ్లలో ఈ తోడు ఖైదీల పద్ధతి 1991 నుంచీ నడుస్తోంది. మా తమ్ముడి విషయంలోనూ రాత్రుళ్లు మేలుకుని కబుర్లు చెప్పింది పక్క పరుపు మనిషే.

ప్రమాదం ఎప్పుడు ఎక్కువో కూడా తెలియని రహస్యమేం కాదు. లోపలికి వెళ్లిన మొదటి రోజులు. బెయిల్ డిస్మిస్ అయిన రోజు. తీర్పు వచ్చిన రోజు. భార్య విడాకుల నోటీసు పంపినా, ఇంట్లో ఎవరైనా పోయినా, ఊళ్లో పరువు పోయిందన్న కబురు వచ్చినా. ఈ సంగతులన్నీ ముందు తెలిసేది ఎవరికి? ఇంటివాళ్లకి, కోర్టుకి. బ్యారక్ ముందు డ్యూటీలో ఉన్న వార్డర్‌కి అందరికన్నా ఆఖర్న తెలుస్తాయి, ఒక్కోసారి అసలు తెలియవు. అంతమందిని కాచుకుంటూ నైట్ డ్యూటీలు చేసే వార్డర్‌ని ఒక్కణ్నే తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇంకొకటి. వాయిదాలు వీడియోలో జరగడం ఎక్కువయ్యాక కుటుంబాలకి ఒక దారి మూసుకుపోయింది. ముందైతే వాయిదా రోజున ఎస్కార్ట్ పోలీసులతో కోర్టుకి తీసుకొచ్చేవాళ్లు. వరండాలో ఆ కాసేపట్లోనే తల్లి కొడుకు మొహం చూసుకునేది, భార్య బతిమాలుకుని బిడ్డని చేతికిచ్చేది. మనిషి చిక్కిపోయాడా, కళ్లు లోపలికి పోయాయా తెలిసేది. తెర మీద బొమ్మలో అది కనిపించదు. పరిగి నుంచో నారాయణపేట నుంచో కూలి మానుకుని బస్సెక్కి రావాల్సిన వాళ్లకి ములాఖత్ కూడా మాటిమాటికీ కుదరదు. వాళ్లకి దొరికేది జైలు నుంచి వచ్చే చిన్న ఫోన్ కాల్. ఆ కాల్‌లో తేడా వినిపిస్తే తిరిగి ఏ నంబరుకి చేయాలి?

చెబితే ఇంకో కేసు పెడతారేమోనని నోరు మూసుకునే వాళ్లను నా షాపు దగ్గరే చూస్తుంటాను. అందుకే స్పష్టంగా రాస్తున్నాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. వైద్యం, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వ ఉద్యోగిని బలవంతపెట్టడానికో, విధుల్ని అడ్డుకోవడానికో చేసే ప్రయత్నాన్ని మాత్రమే 226 కింద నేరంగా ఉంచారు. దిగులుతో ఉన్నాడని చెప్పడం ఎవరి మీదా ఫిర్యాదు కాదు.

నేను అడుగుతున్నది ఇది. ప్రతి జైలుకీ కుటుంబాల కోసం ఒక ఫోన్ నంబరు ఉండాలి, రాత్రీ పగలూ ఎత్తే మనిషి ఉండాలి. ములాఖత్ కౌంటర్ మీద తెలుగు, ఉర్దూ, హిందీల్లో బోర్డు పెట్టి, "మీవాళ్ల గురించి భయంగా ఉంటే ఇక్కడ చెప్పండి" అని రాయాలి. చెప్పింది టైముతో సహా రిజిస్టర్లో ఎక్కాలి, ఆ పూటే ఎవరో ఒకరు వెళ్లి ఆ మనిషితో కూర్చుని మాట్లాడాలి, మాట్లాడామని ఇంటికి కబురు రావాలి. ఆ ఆఖరిది ముఖ్యం. నేను ఆ శుక్రవారం రాత్రంతా ఏమైందో తెలియకుండానే కూర్చున్నాను. ఇంగ్లాండ్‌లో జైళ్లకి ఇలాంటి ఫోన్ లైన్లు ఉన్నాయి. కొన్నిచోట్ల ఎవరూ ఎత్తరని అక్కడివాళ్లే గోల పెడుతున్నారు, కాబట్టి నంబరు పెట్టి వదిలేస్తే చాలదు. వచ్చిన కాల్స్‌ని, ఏం చేశారో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నెలనెలా చూడాలి.

కోర్టు వైపు నుంచి ఒక చిన్న పని. బెయిల్ ఇస్తే ఆ ఆర్డర్‌ని అదే రోజో మర్నాడో జైలు సూపరింటెండెంట్‌కి ఈమెయిల్ చేయాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. డిస్మిస్ అయినా అలాగే పంపొచ్చు కదా. ఫలానా ఖైదీకి ఇవాళ బెయిల్ రాలేదు, కాస్త చూసుకోండి అని ఒక్క లైను. ఆ మాట ఖైదీకి చెప్పేటప్పుడు కౌన్సెలరో, మళ్లీ పిటిషన్ వేసుకునే దారుందని చెప్పగల న్యాయ సహాయ వాలంటీరో పక్కనుండాలి. డిస్మిస్ అంటే అన్నీ అయిపోయినట్టేనని లోపల చాలామంది అనుకుంటారు. పైకోర్టుకి వెళ్లొచ్చనీ, లాయర్‌కి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందనీ తెలియదు. జైళ్ల శాఖ, హైకోర్టు ఈ రెండూ మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

మీ పత్రికకి కూడా ఒక మనవి. ఇలాంటి మరణం గురించి రాసేటప్పుడు ఎలా చేసుకున్నాడో వివరంగా వేయకండి. ఆ పేపరు జైలు లైబ్రరీకి కూడా వెళ్తుంది. ఆ జాగాలో ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయండి. అది ఉచితం, ఇరవైనాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఈ ఉత్తరం కింద కూడా వేయండి, లోపల మనిషి ఉన్న ఇళ్లలో నిద్రపట్టని వాళ్లకి పనికొస్తుంది.

— ఒక విచారణ ఖైదీ అక్క, సైదాబాద్, హైదరాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)