ఉప్పాడ ఇసుకలో దొరికేది ఆ ఊరి బంగారమే

గౌరవనీయులైన రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రాజమండ్రిలో ఒక టీచర్‌ని. గత కార్తీక మాసంలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ అన్నవరంలో వ్రతం చేయించుకుందామని బయల్దేరాం. కాకినాడలో మా ఆడపడుచుని ఎక్కించుకుని హైవే మీదుగా వెళ్లాల్సింది. సముద్రం చూస్తానని మా అమ్మాయి పట్టుబట్టడంతో ఉప్పాడ బీచ్ రోడ్డు ఎక్కాం. వాకలపూడి దాటేసరికే వాన అందుకుంది. ఆ రోజు అక్కడ చూసినవి, విన్నవి ఇన్ని నెలలైనా నా మనసులోంచి పోవడం లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

ఉప్పాడ ఇంకా కొంచెం దూరం ఉందనగా బండ్లు ఆపేశారు. అలలు రాళ్ల కట్ట దాటి రోడ్డు మీద పడుతున్నాయి. వెనక్కి వెళ్లే అల కట్టలోని చిన్న రాళ్లను లాక్కుపోతుంటే గలగలా చప్పుడు కారులోకి వినిపిస్తోంది. అత్తయ్య గోవిందా గోవిందా అనుకుంటూ కళ్లు మూసుకున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. కారు వెనక్కి తిప్పి, లోపలి దారిలో కొత్తపల్లి వైపు వెళ్తుంటే వాన ఇంకా పెరిగి ముందు దారే కనపడలేదు. ఒక ఇంటి అరుగు పక్కన ఆపాం. ఆ ఇంటావిడ మమ్మల్ని చూసి, "తడిసిపోతన్నారు, లోపలికి రండమ్మా" అని పిలిచింది.

అది నేతపనివాళ్ల ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం ఉంది. దాని మీద సగం నేసిన జాందానీ చీరను ప్లాస్టిక్ పట్టాతో కప్పి ఉంచారు. పట్టా కొంచెం పక్కకు తీసి మా అమ్మాయికి చూపించింది ఆవిడ. గోరంత బుటా. దానికి ఒక్కో దారాన్నీ చేత్తో అందించి నేస్తారట. కిందా పైనా ఒకేలా ఉంది, ఏది తిరగో ఏది సరో నాకు తెలియలేదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తే డిజైన్‌ని బట్టి ఒక చీరకు నెల, రెండు నెలలు పడుతుందట. అయితే ఆ వారమంతా మగ్గం ఆడలేదు. కాళ్లు పెట్టుకునే గుంటలో నీరు ఊరింది. చెమ్మకు దారం మెత్తబడి లాగితే తెగుతోంది. పెద్ద గిన్నెతో గుంటలో నీళ్లు తోడి వీధిలో పోస్తూనే ఆవిడ మాకు టీ పెట్టి ఇచ్చింది. పెళ్లిళ్లకు ఇన్ని ఉప్పాడ చీరలు కొన్నదాన్ని, వానాకాలంలో వాళ్ల మగ్గం ఆగిపోతుందన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

వాన కాస్త తెరిపిచ్చింది. "సముద్రం చూద్దామని వచ్చారుగా, వెళ్లి చూడండి. జనం బంగారం ఏరుకుంటన్నారు" అంది ఆవిడ. నేను నమ్మలేదు. 2020 నవంబర్‌లో నివర్ తుపాను ఎక్కడో పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఉప్పాడ ఒడ్డున బంగారం దొరుకుతోందని టీవీలో చూశాను. అదేదో ఆ ఒక్కసారి జరిగిన వింత అనుకున్నాను. నిజానికి సముద్రం బాగా పోటెత్తి తగ్గిన ప్రతిసారీ ఆ ఊళ్లో జనం ఒడ్డుకు వెళ్తారట.

వెళ్లాం. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు తడి ఇసుకలో వంగి ఉన్నారు. గొడుగులు లేవు, తల మీద యూరియా సంచులు కప్పుకున్నారు. ఒక మామ్మ చేతిలో ప్లాస్టిక్ దువ్వెన ఉంది. అల వెనక్కి వెళ్లగానే ఇసుకను దువ్వెనతో నెమ్మదిగా గీస్తోంది, తలలో పాయ తీసినట్టు. నల్ల ఇసుక చార కనిపిస్తే అక్కడ ఆగి, వేలితో కదిపి, మళ్లీ దువ్వుతోంది. మేం పక్కన నిలబడ్డ అరగంటలో ఆవిడకు ఒక్కటి దొరికింది. ఆవగింజ కంటే కాస్త పెద్దది, ఒక పక్క నొక్కుకుపోయింది. తడి వేలికి అంటించుకుని మా అమ్మాయికి చూపించి, కొంగు చివర పెట్టి ముడి వేసుకుంది.

ఎక్కడిది మామ్మా ఈ బంగారం అని అడిగాను. గుళ్లు పోయాయి, ఇళ్లు పోయాయి, వాటిలోదే అంది. ఇల్లు కట్టేటప్పుడు శంకుస్థాపనలో కలిగినంతలో పిసరు బంగారం వేస్తాం కదా, మా ఇంట్లోనూ వేశారు. ఆ మామ్మ పెళ్లై వచ్చిన ఇంటికి వాళ్ల మామగారు అలాగే వేశారట. "మా ఇల్లెక్కడో చూపించనా" అని చెయ్యి చాపింది. ఆవిడ చూపించిన చోట ఇల్లు లేదు, నేల లేదు. ఒడ్డుకు చాలా దూరంలో అలలు విరుగుతున్నాయి. ఆ తర్వాత ఇంకా లోపలికి వచ్చి కట్టుకున్న ఇల్లు కూడా పోయిందట. ఇప్పుడుంటున్నది మూడోది.

మంత్రి గారూ, ఆ మామ్మ దువ్వుతున్నది తన ఇంటి పునాదినే.

ఉప్పాడలో సముద్రపు కోత గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. కాకినాడ ముందు హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె దశాబ్దాలుగా ఉత్తరానికి పెరుగుతూ వచ్చిందనీ, దానివల్ల అలల బలం తిరిగి ఉప్పాడ మీద పడుతోందనీ శాస్త్రవేత్తలు రాశారు. గోదావరి ఒండ్రు ఎగువ ఆనకట్టల్లో ఆగిపోయి తీరానికి ఇసుక తగ్గింది. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు చూసిన లెక్కలో మన రాష్ట్ర తీరంలో దాదాపు 295 కిలోమీటర్లు, అంటే 28.7 శాతం, కోతకు గురవుతోంది. ఉప్పాడలో రాళ్లు పోశారు, జియో ట్యూబ్‌తో, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో, కట్ట కట్టారు, అదీ తుపాన్లకు చిరిగింది. మళ్లీ రాళ్లు. ఒక చోట గోడ కడితే గోడ ఆగిన చోట సముద్రం కోస్తుందని ఆ ఊరివాళ్లకు బాగా తెలుసు. పక్కనే వల బాగు చేసుకుంటున్న ఒక బాబాయ్ మాతో అన్న మాట: "రోడ్డు తెగితే రెండ్రోజుల్లో లారీలు వస్తయ్యమ్మా. ఇల్లు తెగితే ఎవరూ రారు."

అది ఒక్కటే నేను మీ దాకా తేవాలనుకున్నది. రోడ్డు ఎన్ని మీటర్లు పోయిందో లెక్క ఉంటుంది, దానికి అంచనా వేస్తారు, టెండర్ పిలుస్తారు. ఊరు ఎంత పోయిందో లెక్క ఎవరి దగ్గరైనా ఉందా అని ఆ రోజు కనపడిన ప్రతివాళ్లనీ అడిగాను. ఎవరూ వచ్చి రాసుకున్నది లేదన్నారు. ఏ వీధి ఏ తుపానుకు పోయింది, ఏ గుడి, ఏ బావి, ఎవరి పట్టా భూమి ఇప్పుడు నీళ్లలో ఉంది, ఏ కుటుంబం ఎన్నిసార్లు వెనక్కి జరిగింది, ఇదంతా డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్ల నోట్లోనే ఉంది. వాళ్లు ఉండగానే ఇంటింటికీ తిరిగి ఒక రిజిస్టర్ రాయించండి. పాత గ్రామ పటాలు రెవెన్యూ వాళ్ల దగ్గర ఉంటాయి, ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. వాటి పక్కన ఈ మనుషులు చెప్పింది పెడితే పోయిన ఊరు మొత్తం కాగితం మీదికి వస్తుంది. ఉప్పాడ ఒక్కటే కాదు, పక్కన కోనపాపపేటకూ ఇదే అవసరం.

ఇది జ్ఞాపకాల కోసం మాత్రమే అడగడం లేదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్ల రూపాయలు, కోత వల్ల నిర్వాసితులైన వాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి విడిగా ఉంచమని సిఫారసు చేసింది. కోతకు ఇల్లు పోయినవాళ్లకూ పునరావాసం ఇవ్వాలని అలా ఒప్పుకున్నారు. కానీ అలాంటి సాయం మన రాష్ట్రం అడగాలంటే ముందు నిర్వాసితులెవరో పేర్లతో సహా చూపించగలగాలి. తుపాను ఒక్క రాత్రిలో పడగొట్టిన ఇంటికి నష్టం రాస్తారు. ఏడాదికి కొంత చొప్పున ఇరవై ఏళ్లలో పోయిన ఇంటికి ఏ తేదీ వేసి రాస్తారు? ఆ మామ్మ పోగొట్టుకున్న రెండు ఇళ్లకూ ఇదే చిక్కు వచ్చింది.

ఇళ్ల స్థలాలు ఇచ్చినా ఊరికి మరీ దూరంగా ఇస్తే వాళ్లు వెళ్లరు. తెల్లవారుజామున మూడింటికి పడవ దగ్గర ఉండాలి, వల ఎండేసుకోవాలి, చేపల వాసన పడనివాళ్ల మధ్య బతకలేరు. నడిచి ఒడ్డుకు రాగలిగినంత దూరంలో మెరక భూమి చూడండి. రక్షణ పనులకు రాళ్లతో పాటు ఇసుక గురించీ ఆలోచించమని మీ ఇంజినీర్లకు చెప్పండి. విశాఖలో పోర్టు దగ్గర తవ్విన ఇసుకను పైపులతో తెచ్చి ఆర్కే బీచ్‌లో పోస్తారు. అలా చేయడం ఉప్పాడలో కుదురుతుందో లేదో తేల్చే చదువు నాకు లేదు. కుదిరినా, కుదరకపోయినా ఆ సంగతి ఊళ్లో సభ పెట్టి వాళ్లకు తెలుగులో చెప్పాలి.

ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి వేరే ప్రాంతంలో నేసిన చీర అమ్మకూడదు. పేరును అంత జాగ్రత్తగా కాపాడిన మనం ఆ పేరున్న నేలను కూడా అంతే పట్టుదలగా కాపాడతామని నాకు నమ్మకం ఉంది, అందుకే అడుగుతున్నాను.

మేం ఆ రోజు పిఠాపురం మీదుగా వెళ్లి అన్నవరం చేరేసరికి చీకటి పడింది. వ్రతం కాలేదు, దర్శనం చేసుకుని వచ్చేశాం. మా అమ్మాయి మర్నాడు నోట్‌బుక్‌లో ఒక బొమ్మ వేసింది. ఒడ్డు, దువ్వెన, నీళ్ల కింద ఒక ఇల్లు. ఆ ఇంటికి తలుపు, అరుగు, ముగ్గు కూడా వేసింది.

మీరు ఈసారి ఆ వైపు వచ్చినప్పుడు కారు రోడ్డు మీద ఆపి, ఇసుకలోకి దిగి నాలుగడుగులు నడవండి. దువ్వెన పట్టుకున్న ఏ పెద్దావిడనైనా మీ ఇల్లెక్కడ అని అడగండి. పక్కన రాసుకునే మనిషిని తెచ్చుకోండి.

ఇట్లు,
రాజమండ్రి నుంచి ఒక టీచర్