తూటా గుల్లను నీటిలో ముంచేది గట్టిపడటానికి కాదు

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో రైఫిల్ తూటాలను అభిరుచి కొద్దీ సొంత కొలతలతో రూపొందించుకునే వారి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. కంపెనీ తూటా గుల్లను (మందును, బుల్లెట్‌ను పట్టి ఉంచే ఇత్తడి గొట్టాన్ని) తీసుకుని, బుల్లెట్‌ను పట్టే దాని మెడను కుదించి, మెడ కింది ఏటవాలు భాగమైన భుజం వాలును మార్చి, బజారులో ఎక్కడా దొరకని కొలతకు తెచ్చుకునే ఈ 'వైల్డ్‌క్యాట్' తూటాల సంగతి తెలుగులో రావడం అరుదు కనుక రచయితను అభినందించాలి. అయితే గుల్ల మూతిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే ఇత్తడి గట్టిపడుతుందని అందులో రాసిన మాట పూర్తిగా తలకిందులుగా ఉంది. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు విద్యార్థులకు చాలా ఏళ్లు పాఠం చెప్పినవాడిగా, నల్లగొండ, మిర్యాలగూడ వర్క్‌షాపుల్లోనూ ఇదే అపోహను తరచూ విన్నవాడిగా దీన్ని సరిదిద్దడం నా బాధ్యత అనుకుంటున్నాను.

కమ్మరి కొడవలిని కొలిమిలో కాల్చి నీటిలో ముంచితే గట్టిపడుతుంది. అది ఉక్కు గుణం. తూటా గుల్లకు వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. దీన్ని గట్టిపరిచేవి సుత్తి దెబ్బ, డై (అచ్చు) నొక్కుడు వంటివే తప్ప వేడి కాదు. చల్లగా ఉండగా సాగదీసిన కొద్దీ లోహంలోని రేణువులు నలిగి ఇత్తడి బిరుసెక్కుతుంది, తగినంత వేడి తగిలితే కొత్త రేణువులు ఏర్పడి మళ్లీ మెత్తబడుతుంది. ఈ మెత్తబరచడమే అనీలింగ్. కాచిన గుల్లను నీటిలో వేసినా, గాలికి వదిలేసినా మెత్తదనంలో తేడా రాదు.

మరి నీళ్లెందుకు? వ్యాస రచయిత పొరబడింది ఇక్కడే అనిపిస్తోంది. గుల్లలో మెడ, భుజం మెత్తగా ఉండాలి, అడుగు మాత్రం గట్టిగానే ఉండి తీరాలి. పేలినప్పుడు రైఫిల్ గదిలో (గొట్టం వెనుక తూటా కూర్చునే చోట) చదరపు అంగుళానికి 60 వేల పౌండ్ల దాకా ఒత్తిడి పుడుతుంది. దాన్ని వెనుకవైపు ఆపేది గుల్ల అడుగే. అది మెత్తబడితే మందుకు నిప్పంటించే చిన్న టోపీ అయిన ప్రైమర్ కూర్చునే గుంట వదులవుతుంది, ఒక్కోసారి అడుగే చిట్లి కాలే వాయువులు కాల్చేవారి ముఖం మీదికి వస్తాయి. అందుకే గుల్లలను వెడల్పాటి పళ్లెంలో సగం ఎత్తు వరకు నీటిలో నిలబెట్టి, పైకి కనిపించే మెడకే మంట చూపి, కొన్ని క్షణాల్లోనే నీటిలోకి పడదోసే పద్ధతి వచ్చింది. మెడ నుంచి వేడి అడుగుకు పాకకుండా ఆపడమే ఆ నీటి పని. వేడి పొరపాటున అడుగుకు చేరితే ఆ గుల్లను పారేయాల్సిందే, ఎందుకంటే దాన్ని మళ్లీ కాచి గట్టిపరిచే దారి లేదు.

ఎర్రగా కాల్చాలన్న మాట కూడా ప్రమాదకరమే. పట్టపగలు ఎర్రదనం కనిపించేసరికి మెడ అవసరానికి మించి కాగిపోయి ఉంటుంది. అతిగా కాచిన ఇత్తడిలో రేణువులు పెద్దవై, సాగదీసినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గరుకెక్కుతుంది, బుల్లెట్‌ను పట్టి ఉంచే బిగువు మెడకు ఉండదు. ఫలానా వేడికి కరిగే రంగును గుల్ల మీద పూసి, అది కరగగానే మంట తీసేయడం అనుభవజ్ఞుల అలవాటు.

వైల్డ్‌క్యాట్‌కు ఇంత శ్రద్ధ ఎందుకంటే అక్కడ ఇత్తడి పడే శ్రమ ఎక్కువ. .250 సావేజ్ అనే తూటా గుల్ల మెడను కుదించగా పుట్టిన .22-250 చాలా ఏళ్లు వైల్డ్‌క్యాట్‌గానే ఉండి, 1965లో రెమింగ్టన్ కంపెనీ స్వీకరించాకే కంపెనీ తూటా అయింది. కుదించినప్పుడు మెడ గోడ మందమవుతుంది కనుక దాన్ని చెక్కి సమం చేస్తారు, పొడవు పెరిగితే కత్తిరిస్తారు, చివరికి కొత్త కొలత రైఫిల్ గదిలో పేల్చి ఆకారం నిలబెడతారు. ఈ మెట్లలో సరైన చోట అనీలింగ్ చేయకపోతే మెడ నిలువునా చీలుతుంది.

ఈ విషయంలో మన దేశానికి సంబంధించిన చరిత్ర ఒకటి మీ వ్యాసంలో లేకపోవడం లోటుగా తోచింది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ గుర్రపు శాలల దగ్గర నిల్వ చేసిన తూటాలు వానాకాలంలో, ఎవరూ ముట్టకుండానే, మెడ దగ్గర పగుళ్లిచ్చేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, ఇత్తడిని నొక్కినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తేనే ఆ పగుళ్లు వస్తాయని మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రవేత్తలు 1921లో వివరించారు. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొంతసేపు ఉంచితే గట్టిదనం పెద్దగా పోకుండానే ఆ ఒత్తిడి తొలగిపోతుంది.

తూటాలతో మన పాఠకుల్లో ఎక్కువ మందికి పని లేకపోయినా, ఇత్తడి బిందె లేని పాత ఇల్లు మా జిల్లాలో తక్కువ. పశువుల కొట్టం పక్క గదిలోనో, కోళ్ల ఫారం దగ్గరో ఏళ్ల తరబడి బోర్లించి ఉంచిన బిందె మెడ దగ్గర వెంట్రుకంత పగులు కనిపిస్తే, కల్తీ సరుకు అంటగట్టారని అమ్మినవారిని తిట్టడం పరిపాటి. చాలాసార్లు లోహంలో కల్తీ ఉండదు, లోపలి ఒత్తిడిని తొలగించే చివరి కాపు మానేసి ఉంటారు. జనగామ జిల్లా పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును కొట్టి, కాచి, మళ్లీ కొట్టే క్రమంలో ఈ లోహం స్వభావం చేతులతోనే ఎరుగుదురు. మన ఐటీఐల్లో ఉక్కును గట్టిపరచడం బోధించినంత వివరంగా ఇత్తడిని మెత్తబరచడం కూడా బోధిస్తే, పిల్లలకు ఒక పనికొచ్చే విద్య అబ్బుతుంది.

కాబట్టి ఆ వాక్యానికి సవరణను అదే అనుబంధంలో ప్రచురించమని కోరుతున్నాను. దానితో పాటు, తూటాల తయారీకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి అని, దొరికిన తూటా ఏదైనా అందులో మందు ఉందో లేదో చూసేందుకు మంట దగ్గరికి తీసుకెళ్లకుండా పోలీసులకు అప్పగించాలని రెండు మాటలు చేర్చగలరు.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
నల్లగొండ